పెట్టెకు వేసిన తాళము



కొంతకాలము క్రితము తిరుత్తణిలో ఒక విశ్వాసి ఇంట ప్రార్థన కూడిక ముగిసి, అందరు కాఫీ త్రాగుచుండగా ఆ ఇంటి యజమాని మమ్మును ఒక ప్రశ్న అడిగారు. "సార్, మా చిన్నోడు బడికి పోయి వచ్చి, ఈ పొద్దు ఆడినాము, పాడినాము, బొమ్మలు కత్తిరించినాము అంటాడు. ఆడుకొనేదానికి బడి ఎందుకు సార్? ఇంట్లోనే ఆడుకుంటాడు గదా? మేము కడుపు కట్టుకొని పంపించేది చదువుకొనేదానికి." అక్కడ ఉన్న పెద్దలలో చాలామంది తల ఊపారు. ఉపాధ్యాయ శిక్షణ పొంది, జీవితమంతా చిన్నపిల్లల తరగతులలో గడిపిన మేము వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఆ ప్రశ్న వేసినవాడు అజ్ఞాని కాడు. బిడ్డ భవిష్యత్తును గూర్చి నిద్రలేని తండ్రి. ఆయనకు ఆ రాత్రి చెప్పలేని జవాబును ఇక్కడ వ్రాయుటకు ప్రయత్నించుచున్నాము.

ఆయన ప్రశ్నలో నిజముగా రెండు ప్రశ్నలు ఉన్నవి. ఆటతో చదువు వచ్చునా అన్నది మొదటిది. అది ఉపాధ్యాయులు తేల్చుకొనవలసిన మాట. రెండవది ధర్మమునకు సంబంధించినది. పిల్లవాడు సంతోషముగా నేర్చుకొనుట మనము దయతలచి ఇచ్చే బహుమానమా, లేక మనము వానికి చెల్లించవలసిన బాకీయా?

దీనికి జవాబు చెప్పే ముందు మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను.

1986 నాటి జాతీయ విద్యావిధానమును అనుసరించి, 1987లో కేంద్ర ప్రభుత్వము 'ఆపరేషన్ బ్లాక్‌బోర్డ్' అను పథకమును ప్రారంభించింది. ప్రతి ప్రాథమిక పాఠశాలకు కనీసము రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులు, బోధనకు అవసరమైన సామగ్రి ఉండవలెనని దాని ఉద్దేశము. మేము అప్పుడు పనిచేయుచున్న ఒక చిన్న బడికి కూడ ఒక ట్రంకు పెట్టె వచ్చింది. అందులో గ్లోబు, అయస్కాంతములు, భూతద్దము, త్రాసు, జంతువుల బొమ్మలు, పటములు ఉన్నవి. వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి స్టాకు రిజిస్టరులో వ్రాసి సంతకము పెట్టాము. పోయినా, పగిలినా మన జీతములో నుండి కట్టవలసి వచ్చునని భయము. కాబట్టి పెట్టెకు తాళము వేసి, తాళపు చెవి జేబులో వేసుకున్నాము.

ఆ దినమున మూడవ తరగతి ఆడపిల్ల ఒకతె, నేత పనివారి బిడ్డ, పెట్టె దగ్గరకు వచ్చి గ్లోబును చూచి, "సార్, ఆ బంతి మీద మన ఊరు ఉంటుందా?" అని అడిగింది. మేము "ఉండదులే, చెయ్యి పెట్టవద్దు, పగులుతుంది" అన్నాము. ఆ బిడ్డ చెయ్యి వెనక్కు తీసుకొని, గౌను వెనుక దాచుకొని వెళ్లి కూర్చున్నది. తనిఖీకి వచ్చిన అధికారి పెట్టె తెరిపించి చూచారు. అన్ని వస్తువులు చెక్కుచెదరలేదు. రిజిస్టరు సరిపోయింది. మాకు మంచి పేరు వచ్చింది. ఆ బిడ్డ అయిదవ తరగతితో బడి మాని, ఇంటి దగ్గర కండెలు చుట్టుటకు కూర్చున్నది.

మత్తయి సువార్త 25వ అధ్యాయములోని తలాంతుల ఉపమానము మీకందరికి తెలిసినదే. ఒక్క తలాంతు పొందినవాడు దానిని దొంగిలించలేదు, త్రాగి పాడుచేయలేదు. భయపడి భూమిలో పాతిపెట్టి, అణా పైసలతో సహా తిరిగి అప్పగించాడు. వాని స్టాకు రిజిస్టరు కూడ సరిగానే ఉన్నది. అయినను యజమాని వానిని మెచ్చుకొనలేదు. ఆ భాగము మీద మేము ఎన్నోసార్లు ప్రసంగించియున్నాము గాని, మా జేబులోని తాళపు చెవి చాలాకాలము మాకు గుర్తుకు రాలేదు.

ఇప్పుడు ఆ తండ్రి ప్రశ్నకు వద్దాము. ఆట అంటే ఏమిటి? ఇక్కడ మనము ఒక తేడా గమనించవలెను. మన సండే స్కూలులో కంఠత వాక్యము చెప్పిన బిడ్డకు చాక్లెట్ ఇచ్చే అలవాటు ఉన్నది. ఒక ఆదివారము చాక్లెట్లు అయిపోయినవి. ఒక చిన్నవాడు ఎంతో మర్యాదగా, "ఈవారం చాక్లెట్ లేదా సార్? అయితే వచ్చేవారం చెప్తాను" అన్నాడు. మేము నవ్వాము గాని, తరువాత ఆలోచించితే ఆ చిన్నవాని తప్పేమీ లేదు. దేవుని వాక్యము చాక్లెట్‌కు ఇచ్చే వెల అని వానికి నేర్పినది మేమే.

చేదు మాత్రకు బెల్లము పూసి మింగించుట ఒక పద్ధతి. బెల్లము కరిగిపోగానే పిల్లవాడు మాత్రను ఉమ్మివేయును. చెరకు గడ అటువంటిది కాదు. తిరువాలంగాడు చక్కెర మిల్లుకు చెరకు బండ్లు పోవుచుండగా వెనుక పరుగెత్తి గడలు లాగిన పిల్లకాయలము మనమందరము. చెరకులో తీపి పైన పూసినది కాదు, లోపలే ఉన్నది. అయితే అది ఊరకే రాదు. పంటితో చీల్చవలెను, నమలవలెను, దవడలు నొప్పిపుట్టవలెను. మంచి ఆట వస్తువు చెరకు గడ వంటిది. అందులో కష్టము లేకపోలేదు. కష్టములోనే రుచి ఉన్నది.

మన అవ్వలు ఆడిన వామనగుంటలు చూడండి. తమిళులు దానినే పల్లాంగుళి అంటారు. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. గుంటకు అయిదేసి చింతగింజలు వేస్తే 14 గుంటలకు 70 గింజలు. ఒక గుంటలోని గింజలు తీసి ఒక్కొక్కటిగా పంచుకొంటూ పోతే చివరి గింజ ఎక్కడ పడునో ముందే చూచుకొన్న బిడ్డ గెలుచును. ఎక్కము అప్పజెప్పలేక ఏడ్చే బిడ్డ కూడ ఈ ఆటలో కూడిక, తీసివేత, పంపకము అన్నియు మనస్సులోనే చేయును. ఎవరు చాక్లెట్ ఇవ్వకపోయినా చీకటిపడువరకు చేయును. కాబట్టి ఆ తండ్రికి మా మొదటి జవాబు ఇది: పిల్లవాడు ఆడుచున్నప్పుడు వాని బుద్ధి పని మానలేదు. బహుశా దినమంతటిలో అప్పుడే ఎక్కువ పనిచేయుచున్నది.

ఇది ఇప్పటి దొరల చదువు అని కొందరు అనుకొందురు. కాదు. 1789 నుండి మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమమునకు పర్యవేక్షకుడుగా ఉన్న ఆండ్రూ బెల్ అను గురువుగారు, ఈ దేశపు వీధిబడిలో పిల్లలు నేల మీద ఇసుక పరచుకొని వ్రేలితో అక్షరములు దిద్దుట చూచారు. కాగితము ఖర్చు లేదు, తప్పు పోతే చేతితో చెరిపివేయవచ్చును, మరల వ్రాయవచ్చును. ఆయన దానిని తన ఆశ్రమములో ప్రవేశపెట్టి, పెద్ద పిల్లలచేత చిన్నవారికి చెప్పించి, 1797లో లండనులో దానిని గూర్చి పుస్తకము ప్రచురించారు. ఇంగ్లండులో ఆ పద్ధతికి 'మద్రాసు పద్ధతి' అని పేరు వచ్చింది. మన తాతల ఇసుక అంత దూరము వెళ్లింది.

బొమ్మల పాఠ్యపుస్తకమును గూర్చి కూడ మన సంఘముల వారు తెలిసికొనవలెను. 1658లో లోకములోని వస్తువులను బొమ్మలతో చూపించి పిల్లలకు మాటలు నేర్పే పుస్తకమును ప్రచురించిన కొమేనియస్, చెక్ సహోదర సంఘమునకు బిషప్పు. ఆ పుస్తకము మొదట అక్షరమాలను కాకి అరుపుతోను, గొర్రె అరుపుతోను నేర్పించును. ఆయన విశ్వాసము నిమిత్తము 1628లో స్వదేశము విడిచి వెళ్లవలసి వచ్చింది. చివరకు పరాయి దేశములోనే 1670లో ప్రభువునందు నిద్రించారు. ఊరు విడిచి బ్రతుకుచున్నవాడు పిల్లల నవ్వును గూర్చి ఆలోచించాడంటే, వలసవచ్చి స్థిరపడిన మనకు అది ఊరకే చదివి మరచిపోదగిన సంగతి కాదు.

మన కాలములో జరిగినది మరింత దగ్గర సంగతి. చిత్తూరు సీమలో మదనపల్లె దగ్గర ఉన్న రిషి వ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రములో పద్మనాభరావు, రమ దంపతులు పల్లె పిల్లల కొరకు పాఠములను చిన్న చిన్న కార్డులుగా తయారుచేశారు. ప్రతి కార్డుకు ఒక బొమ్మ గుర్తు. గోడ మీద ఒక నిచ్చెన పటము. తాను ఏ మెట్టు మీద ఉన్నాడో బిడ్డయే చూచుకొని, తన కార్డు తానే తీసుకొని, తనంతట తాను గాని తోటివారితో గాని చేసి, పై మెట్టుకు పోవును. ఆ సామగ్రికి వచ్చిన పేరు 'పెట్టెలో బడి'. మా పెట్టెలోను సామగ్రి ఉన్నది, వారి పెట్టెలోను ఉన్నది. వారిది తెరచిన పెట్టె. అంతే భేదము.

తెలుగు పల్లెలలో పుట్టిన ఆ పద్ధతిని చెన్నై కార్పొరేషన్ 2003లో 13 బడులలో ప్రారంభించింది. 2007-08 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికి అది వ్యాపించింది. ఉపాధ్యాయులు కుర్చీ దిగి చాప మీద కూర్చున్నారు. పిల్లల చేతికి అందునంత క్రిందుగా గోడకు నల్లబల్ల వచ్చింది. ఆ పద్ధతిలో మాకు అన్నిటికంటె నచ్చినది ఒకటి ఉన్నది. బిడ్డ జ్వరముతో పది దినములు రాకపోయినా, తల్లిదండ్రులతో పనికి వేరే ఊరు పోయివచ్చినా, తరగతి వానిని విడిచి ముందుకు పోదు. తాను దిగిన మెట్టు మీదనే తిరిగి ఎక్కును. నిచ్చెన వాని కొరకు నిలిచియుండును. తొంబది తొమ్మిదింటిని విడిచి ఒక్క గొర్రెను వెదకిన కాపరిని గూర్చి చెప్పుకొనే మనకు ఇది క్రొత్త సంగతి కాదు గదా.

అయితే ఆ పద్ధతి అన్ని చోట్ల ఒకే విధముగా ఫలించలేదు. కార్డులు చినిగినచోట మరల చేసేవారు లేకపోతే, "పిల్లలే చదువుకొందురులే" అని పెద్దవారు ప్రక్కకు తప్పుకొంటే, కార్డు వట్టి అట్టముక్క. సామగ్రికి స్వంత శక్తి లేదు. ప్రక్కన కూర్చున్న మనిషిని బట్టియే దానికి ప్రాణము. కరోనా వలన బడులు మూతపడి చిన్నపిల్లలు అక్షరములు మరచిన తరువాత, 2022 జూన్ 13న మన తిరువళ్లూరు జిల్లాలోని అళింజివాక్కము బడిలో ముఖ్యమంత్రి 'ఎణ్ణుమ్ ఎళుత్తుమ్' అను పథకమును ప్రారంభించారు. 1 నుండి 3వ తరగతి పిల్లలకు పాటలు, కథలు, బొమ్మలాటలు, కార్డుల ద్వారా లెక్క, అక్షరము నేర్పుట దాని పని. పిల్లలను మందబుద్ధులు, తెలివిగలవారు అని పిలువక అరుంబు, మొట్టు, మలర్ అని మూడు మెట్లుగా చూచారు. మన మాటలలో చెప్పవలెనంటే లేత మొగ్గ, విచ్చబోవు మొగ్గ, పువ్వు. లేత మొగ్గను ఇంకను పూయలేదని ఎవరు నిందింతురు?

ఇక మన పిల్లల విషయము. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్ర నుండి మద్రాసు రాష్ట్రములో చేరింది. 2006 నాటి చట్టము వలన 1వ తరగతి నుండి దశలవారీగా తమిళము తప్పనిసరి పాఠమైనది. మన చుట్టునున్నవారి భాష నేర్చుకొనుట మంచిదే, అందులో సణుగుట తగదు. అయితే మన బిడ్డ మీద ఎంత బరువున్నదో చూడండి. అమ్మతో తెలుగు, వీధిలో తమిళము, బడిలో చాలాచోట్ల ఇంగ్లీషు. మూడు రకముల అక్షరములు. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగు ఉంటే తమిళములో నాలుగింటికి ఒకే అక్షరము. అక్కడ తడబడి 'గోపాల్' అనవలసినచోట 'కోపాల్' అని చదివిన బిడ్డను చూచి తరగతి అంతా నవ్వును. రెండు మూడుసార్లు అట్లు నవ్విన తరువాత ఆ బిడ్డ నోరు తెరువడు. మొద్దు అని పేరు వచ్చును. వాడు మొద్దు కాడు. ఇతరులు ఒక బరువు మోయుచుండగా వాడు మూడు మోయుచున్నాడు.

అట్టి బిడ్డకు మేము ఒక ఆట నేర్పించాము. పాత పెండ్లి పత్రికలను కత్తిరించి, నాలుగు ముక్కల మీద తెలుగు అక్షరములు, ఒక పెద్ద ముక్క మీద తమిళ అక్షరము వ్రాసి, "ఇది ఒక ఇల్లు, ఈ నలుగురు అన్నదమ్ములు ఈ ఇంట్లోనే కాపురముండేది, ఎవరి ఇంటికి వారిని చేర్చండి" అన్నాము. ఖర్చు ఒక్క రూపాయి లేదు. అరగంటలో పిల్లలే ఒకరికొకరు చెప్పుకొన్నారు. తిరుత్తణి నుండి రైలులో పుత్తూరు వైపు పోవునప్పుడు పొన్పాడి దాటి వెంకటనరసింహరాజువారిపేట రాగానే స్టేషను బోర్డు మీద తెలుగు కనబడును. మొదట చదివినవారు గెలిచినట్టు. తిరుత్తణి కొండకు 365 మెట్లు అని ఊరిలో చిన్నవారికి కూడ తెలుసు. మన ఆరాధన వేరు గాని, సంవత్సరమునకు ఎన్ని దినములని ఆ ఊరి బిడ్డను అడుగుటకు అంతకంటె మంచి పాఠమేది? బోధన సామగ్రి అంగడిలోనే దొరకునని భ్రమపడరాదు.

పెద్దలు కొందరు, "బెత్తము వాడనివాడు కుమారునికి విరోధి అని సామెతల గ్రంథమే చెప్పుచున్నది గదా" అని అడుగుదురు. ఆ మాటను మేము తేలికగా తీసివేయము. పిల్లవానిని సరిదిద్దక విడిచిపెట్టుట ప్రేమ కాదు. అయితే అక్కడి బెత్తము దుర్మార్గమును సరిచేయుటకు. ఏడవ ఎక్కము రాకపోవుట దుర్మార్గము కాదు, అక్షరము తప్పు పలుకుట పాపము కాదు. రాని చదువుకు కొట్టుట అంటే మొక్క ఎదుగలేదని కొట్టినట్టే. మేమును కొట్టియున్నాము. ఆ దెబ్బల వలన ఎవరికి లెక్క వచ్చినదో మాకు గుర్తు లేదు. ఎవరు బడి మానిరో గుర్తున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను పిల్లలను కొట్టుట, మనస్సు నొప్పించుట రెండింటిని నిషేధించింది. చట్టము చెప్పువరకు మనము ఆగియుండుట సంఘముగా మనకు సిగ్గు.

మన ప్రభువు పాఠములు ఎట్లు చెప్పెనో గమనించండి. ఆవగింజ, పులిసిన పిండి, వల, పోయిన నాణెము. చూచుటకు, ముట్టుకొనుటకు వీలైన వస్తువులు. సంతవీధిలో పిల్లలు పెండ్లి ఆట, ఏడ్పు ఆట ఆడుకొనుటను కూడ ఆయన చూచి, పెద్దలకు బుద్ధి చెప్పుటకు దానిని వాడుకొన్నాడు. యొర్దాను దాటినప్పుడు ఇశ్రాయేలీయులు పండ్రెండు రాళ్లు నిలువబెట్టినది, రేపు పిల్లలు ఇవేమిటని అడుగుటకే. అంటే పిల్లవాని ప్రశ్న కొరకు పెద్దలు ముందే వస్తువు సిద్ధపరచవలెను. మేము వస్తువును దాచి ప్రశ్నను అణచితిమి.

జెకర్యా 8వ అధ్యాయములో దేవుడు యెరూషలేమును మరల కట్టునప్పుడు ఎట్లుండునో చెప్పిన గురుతులు రెండు. ముసలివారు చేతికఱ్ఱ పట్టుకొని వీధులలో కూర్చుందురు. అదే వీధులలో బాలబాలికలు ఆడుకొందురు. రెండు గురుతులు ప్రక్కప్రక్కనే ఉన్నవి. ముసలివారు ఒకచోట, పిల్లలు వేరొకచోట అని లేదు. చెదరిపోయి తిరిగి వచ్చిన ప్రజలకు ఇచ్చిన వాగ్దానము అది. వలసవచ్చి గుడి కట్టుకొని, ఇండ్లు కట్టుకొని స్థిరపడితిమని చెప్పుకొనే మనము, ఈ గురుతు మనలో ఉన్నదా అని పరీక్షించుకొందము. పిల్లల సంతోషము మనము ఇచ్చే బహుమానము కాదు. మనము నిజముగా స్థిరపడితిమో లేదో చూపే గురుతు. కాబట్టి అది బాకీయే.

ఆ బాకీ తీర్చుటకు పెద్ద సొమ్ము అక్కరలేదు. ప్రతి సంఘము ఒక పెట్టె పెట్టవలెను. అందులో చింతగింజలు, గవ్వలు, పాత క్యాలెండరు బొమ్మలు, మూడు భాషల అక్షరముల అట్టలు, కథల పుస్తకములు ఉండవలెను. దానికి తాళము ఉండరాదు. ఆరాధన తరువాత ఒక అరగంట సంఘ పెద్దలలో ఇద్దరు వంతు ప్రకారము పిల్లలతో చాప మీద కూర్చుండవలెను. మోకాళ్లు నొప్పియని చెప్పువారికి ఒక చిన్న ముక్కాలిపీట. సెల్‌ఫోను చేతికిచ్చి కూర్చోబెట్టుట ఈ లెక్కలోనికి రాదు. ఫోను బిడ్డను నిశ్శబ్దముగా ఉంచగలదు గాని, వాని ముఖము చూచి ఎక్కడ తడబడెనో కనిపెట్టజాలదు.

చివరిగా ఒక మాట. కొన్ని సంవత్సరముల క్రితము తిరువళ్లూరులో ఒక పెండ్లిలో ఒక స్త్రీ మా దగ్గరకు వచ్చి వందనము చేసింది. కండెలు చుట్టుటకు వెళ్లిపోయిన ఆ బిడ్డ. ఇప్పుడు ఆమెకు బడికి పోయే కుమారుడు ఉన్నాడు. క్షేమ సమాచారములు అయిన తరువాత నవ్వుతూనే అడిగింది: "ఆ పెట్టె ఇంకా ఉందా సార్?" మేము జవాబు చెప్పలేక వాని తల మీద చెయ్యి పెట్టాము.

మరుసటి వారము ఒక గ్లోబు కొని సండే స్కూలు చాప మీద పెట్టాము. దాని మీద తిరుత్తణి లేదు, తిరువళ్లూరు లేదు. చెన్నై అని ఒక చుక్క ఉన్నది. ప్రతి బిడ్డ "మన ఊరు ఇక్కడే" అని ఆ చుక్క ప్రక్కన వ్రేలు పెట్టి రుద్దును. ఏడాది తిరుగకముందే అక్కడ రంగు పోయి తెల్లటి అట్ట బయటపడింది. ఆ గ్లోబును మేము మార్చదలచుకొనలేదు. ప్రభువు తనిఖీకి వచ్చునప్పుడు చూపించుటకు మా దగ్గర ఉన్న స్టాకు రిజిస్టరు అదే.

ప్రభువు మన బిడ్డలను దీవించునుగాక. ఆమేన్.